గూగుల్ చెప్పని గంటలు

ఫోన్‌లో హైదరాబాద్ నుంచి డాలస్‌కి దూరం ఎంతో కొట్టి చూడండి. 14,400 కిలోమీటర్లకి అటూ ఇటూగా చూపిస్తుంది. మా తాతయ్య లెక్కలో మాత్రం అది చాలా దగ్గర.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మా పెదనాన్న కొడుకు డాలస్‌లో ఉంటాడు. నాలుగేళ్ల క్రితం జనవరిలో, ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్‌లో విమానం ఎక్కాడు. దిగి ఫోన్ చేసి, ‘‘ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం మూడున్నర’’ అన్నాడు.

తాతయ్య వెంటనే తేల్చేశాడు. ‘‘పొద్దున పోయి మాపటికి చేరాడు. గుంటూరు యార్డుకి మిరప టిక్కీలు వేసుకెళ్లి అమ్ముకొచ్చినా అంతే పడుతుంది కదరా!’’

నిజానికి అన్నయ్య ప్రయాణం 23 గంటలు. దోహాకి నాలుగున్నర, అక్కడ ఎదురుచూపు రెండున్నర, అక్కణ్నుంచి డాలస్‌కి 16. చలికాలంలో డాలస్ గడియారం మనకంటే పదకొండున్నర గంటలు వెనక నడుస్తుంది. సగం ప్రయాణాన్ని ఆ తేడాయే మింగేసింది.

ఇంకో తమాషా ఉంది. ఒక బత్తాయి మీద హైదరాబాద్, డాలస్‌లకి రెండు చుక్కలు పెట్టి దారం లాగి చూడండి. దగ్గరి దారి పడమటికి పోదు. తిన్నగా ఉత్తరానికి ఎక్కి, ధ్రువం పక్కనుంచి అటు దిగుతుంది. కానీ ఆ దారిన నేరుగా పోయే విమానం లేదు. దోహా మీదుగా అయితే 15,600 కిలోమీటర్లు దాటుతుంది.

మొన్న ఫిబ్రవరిలో, మంగళవారం రాత్రి పదింటికి తాతయ్య పోయాడు. డాలస్‌లో అప్పుడు మంగళవారం పొద్దున పదిన్నర. సాయంత్రం ఏడింటి విమానానికి అన్నయ్యకి సీటు దొరికింది. అప్పటికి ఇక్కడ బుధవారం తెల్లారింది. పేట నుంచి ఫ్రీజర్ బాక్స్ వచ్చింది. కల్లంలో ఆరబోసిన కాయల వైపు ఎవరూ పోలేదు.

‘‘ఎక్కడిదాకా వచ్చాడ్రా?’’ అని నాయనమ్మ గంటకోసారి అడిగింది. మధ్యాహ్నం ఫోన్‌లో చూపించాను. పసుపు విమానం బొమ్మ ఇంకా అట్లాంటిక్ మీదే ఉంది.

పైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి, వచ్చేటప్పుడు దోహాకి 14న్నర గంటలే పట్టింది. కానీ పోయేటప్పుడు గడియారం ఇచ్చిన పదకొండున్నర గంటల్ని వచ్చేటప్పుడు తిరిగి లాగేసుకుంది. శంషాబాద్‌లో దిగేసరికి గురువారం తెల్లవారుజామున నాలుగు. ఇమ్మిగ్రేషన్, తర్వాత కారు, నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల... గుమ్మంలోకి వచ్చేసరికి పదిన్నర.

గాల్లో ఉన్నది పద్దెనిమిదిన్నర గంటలు. మేం ఎదురుచూసింది ముప్ఫై ఆరున్నర.

మీ ఇంట్లోనూ ఎవరైనా అంత దూరంలో ఉంటే, కిలోమీటర్లు పక్కన పెట్టండి. ఆ గుమ్మం నుంచి ఈ గుమ్మానికి ఎన్ని గంటలో ఒక్కసారి లెక్కేసి ఉంచుకోండి. ఆ అవసరం రాకూడదు. కానీ వచ్చిన రాత్రి లెక్కలు తోచవు.

తాతయ్య లెక్క తప్పని నాకు ఆ ఆదివారమే తెలుసు. సరిదిద్దలేదు. మనవడు గుంటూరంత దూరంలోనే ఉన్నాడనుకుని ఆయన నాలుగేళ్లు నిశ్చింతగా నిద్రపోయాడు.