గంగిరెద్దు నుదుట క్యూఆర్ కోడ్

2021 నవంబర్‌లో ఓ గంగిరెద్దు వీడియో దేశమంతా చుట్టివచ్చింది. సన్నాయి వింటూ నిలబడ్డ ఎద్దు నుదుట క్యూఆర్ కోడ్, దానికి ఫోన్ చూపించి డబ్బు వేస్తున్న మనిషి. డిజిటల్ చెల్లింపులు జానపద కళాకారుల దాకా వచ్చాయంటూ కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ స్వయంగా దాన్ని పంచుకున్నారు. చూసినవాళ్లంతా ముచ్చటపడ్డారు, అంతటితో సరి. ఆ సన్నాయి మనిషిని మంత్రిగారు కళాకారుడన్నారు. మరి చట్టం ఏమంటుంది? 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం యాచనకిచ్చిన నిర్వచనంలో పాడటం, ఆడటం, జోస్యం చెప్పడం కూడా ఉన్నాయి. అవన్నీ చేయి చాపడానికి సాకులని దాని లెక్క. ఢిల్లీకీ వర్తింపజేసిన ఆ చట్టంలో యాచనను నేరం చేసిన సెక్షన్లను 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. మన ఆంధ్రప్రదేశ్‌కూ 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఒకటుంది. చట్టాల మీద విరుచుకుపడటం తేలికే. కానీ చట్టం కలగలిపినట్టే మన నోరూ కలగలిపేసింది. వీధిలో చేయి చాపిన ప్రతివారూ మనకు ‘అడుక్కునేవాళ్లే’. వీధిలో విద్య చూపినవాడికిచ్చే పది రూపాయలను దానం పద్దులో రాయకూడదు, అది చేసిన పనికి కూలి. ఆ తేడా తెలిసిన ఊరికే, ఏ విద్యా లేక చేయి చాపిన ముసలమ్మతో కూడా మర్యాదగా మాట్లాడటం చేతనవుతుంది.

తెలుగులో ఈ తేడాకు మాటలు కరువు కాదు. బుర్రకథ నడుమ ఊరివాళ్లిచ్చేది చదివింపు. ఎవరిచ్చారో, ఎంతిచ్చారో కథకుడు పైకి చదివి మరీ పుచ్చుకుంటాడు. పండితుడికిచ్చేది సంభావన, మెచ్చి ఇచ్చేది ఈనాం. ముష్టి అంటే కూడా మొదట పిడికెడనే అర్థం. పాపం, కొలత పేరు కాస్తా తిట్టయి కూర్చుంది. పెనుకొండ వైపు చూడండి. 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఆ ఊళ్లో కోట ఎంత పాతదో, బాబయ్య దర్గా పట్ల అన్ని మతాలవాళ్ల గురి కూడా అంత పాతది. నెమలీకల కట్టతో తల నిమిరి, అంగట్లో సాంబ్రాణి పొగ వేసి వెళ్లే ఫకీరు ఈ సీమ అంగళ్లకు కొత్తవాడు కాదు. అంగడాయన ఏ మతమో ఫకీరు అడగడు, ఫకీరు మంత్రం ఏమిటో అంగడాయన అడగడు. ముందు పొగ, ఆ తర్వాత నాణెం. ఇక్కడ మొదట ఇచ్చేది ఫకీరే. గంగిరెద్దుల ఆయనా అంతే, వాకిట్లో సన్నాయి ఊదాకే చేట కోసం ఎదురుచూస్తాడు. దీన్ని యాచన అంటే, పాడి అయ్యాక డబ్బు పుచ్చుకునే కచేరీ విద్వాంసుణ్ణి ఏమనాలి? లేపాక్షి నాట్యమంటపం స్తంభాల మీద మద్దెల వాయించే రాతి మనిషిని చూడటానికి బెంగళూరు నుంచి కార్లేసుకుని వస్తారు. దారిలో హిందూపురం దగ్గర డప్పు పట్టుకుని ఎదురైన ప్రాణమున్న మనిషికి మాత్రం కారు అద్దం దిగదు.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట ఈ వాదనకు మంచి సాక్ష్యం, చిక్కుముడి కూడా. అది తోలుబొమ్మలాటవాళ్ల ఊరు. మరాఠీ మూలాలున్న కుటుంబాలు, తెర వెనక ఆడించేది మాత్రం తెలుగు రామాయణం, తెలుగు భారతం. బొమ్మల పెట్టెతో ఊరూరా తిరిగి, రాత్రి తెల్లవార్లూ ఆడి, ఊరిచ్చిన ధాన్యమూ డబ్బూ మూటగట్టుకున్న తరాలవి. సినిమా, ఆపైన టీవీ తెర ముందున్న జనాన్ని లాక్కుపోయాక ఆ చేతులే దీపాల తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేయడం మొదలుపెట్టాయి. 2020లో ఆ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. అదే మేక తోలు, అవే రంగులు, అదే ఉలి. ఊరి బయట గుడారం వేసుకున్నప్పుడు ‘ఆటలవాళ్లు’, ప్రదర్శనశాలలో దీపం కింద పెట్టినప్పుడు ‘హస్తకళాకారులు’. పనికి ధర కట్టిన చోట ముష్టి అన్న మాట ఎవరి నోటా రాలేదు. చిక్కుముడి ఏమిటంటే, ధర పలికింది బొమ్మకే, ఆటకు కాదు. దీపం తొడుగును ఢిల్లీలో ఎవరైనా కొనగలరు. బొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా ఆడుకునే మోటు సరసం మాత్రం తెలుగు చెవికి తప్ప ఎక్కదు. పద్మశ్రీ ఢిల్లీ నుంచి రావచ్చు గానీ, ప్రేక్షకుడు రావలసింది ధర్మవరం నుంచే. మగ్గం కూలి ఒక్క రూపాయి తగ్గితే తన కడుపు మీద దెబ్బగా భావించే నేతగాడి ఊరది. పనికీ దయకూ తేడా ఆ ఊరికి ఇంకొకరు నేర్పనక్కర్లేదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఈ విద్యలు చాలావరకు కులంతో వచ్చినవి. గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు, దాసరులు, పగటివేషాలవారు సంచారంలో పుట్టి సంచారంలోనే పెరిగారు. నాణెం వేసి చప్పట్లు కొడితే వాళ్ల పిల్లల్ని కూడా ఆ జోలెకే కట్టేసినట్టు కాదా? నిజమే, కళ బతకాలన్న పేరుతో ఒక కులం ఎప్పటికీ వాకిళ్ల ముందు నిలబడాలనే మోజు మనలో కొందరికి ఉంది. అది కళాభిమానం కాదు. కానీ చరిత్ర కొంచెం తిరగేస్తే వాళ్లను కట్టేసిన తాడు నాణెం కాదని తెలుస్తుంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థుల పట్టీలోకి ఎక్కించింది. 1952లో అది రద్దయినా అనుమానం రద్దు కాలేదు. ఊరికి కొత్త మనిషి వస్తే, ఎక్కడైనా దొంగతనం జరిగితే మొదట చూసేది గుడారాల వైపే. స్థిరమైన చిరునామా లేని పిల్లాడికి బడిలో చోటు దొరకడం కష్టం. ఆ పిల్లాడు బడికి పోవాలంటే తండ్రి సంపాదన గౌరవంగా, ఓ లెక్క ప్రకారం ఉండాలి. ఆట ఆడిన రోజున కూలి దొరికితే, కొడుకు ఆ విద్య నేర్చుకోవాలా వద్దా అన్నది ఆ ఇంటి నిర్ణయమవుతుంది. నాణెం ఆపేస్తే విముక్తి వస్తుందన్నది మాత్రం, జేబులో చెయ్యి పెట్టడం ఇష్టం లేనివాళ్లు చెప్పే సిద్ధాంతం.

పిల్లల సంగతి వేరు, అక్కడ నాకు సందేహం లేదు. సిగ్నల్ దగ్గర చంటిబిడ్డను చూపించి అడిగితే డబ్బు వేయకూడదు. బిడ్డను ఎత్తుకొచ్చి గానీ, అవిటిని చేసి గానీ అడుక్కోవడానికి వాడితే భారతీయ న్యాయ సంహిత 139వ సెక్షన్ ఉంది. పిల్లలతో అడుక్కునే పని చేయించినవారికి బాలల న్యాయ చట్టం కింద శిక్ష ఉంది. 1098కి ఫోన్ చేయడం ఆ బిడ్డకు మనం చేయగల మేలు. ముఠాలున్నాయని చెప్పి, పెనుకొండ ఫకీరు చేతిలో నాణెం పెట్టడం మానేయడానికి మాత్రం ఇది కారణం కాదు.

ఇక పాట లేదు, పొగ లేదు, ఎద్దు లేదు, ఊరికే చేయి చాపిన మనిషి. బెంగళూరు, గుంతకల్లు లైను మీదున్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అనే ఈ మూడు ఊళ్లలో, ముఖ్యంగా ధర్మవరం జంక్షన్‌లో, రైలు దిగి ఎటూ పోలేక మిగిలిపోయినవాళ్లు కనబడుతూనే ఉంటారు. 2011 జనగణన దేశంలో యాచకులు, దిమ్మరులు కలిపి 4.13 లక్షల మందని లెక్కేసింది. ‘ప్రభుత్వం నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోందిగా, ఇంకా ఎందుకు అడుక్కోవాలి’ అన్నది ఇప్పుడు తరచూ వినబడే ప్రశ్న. పింఛను 2024 జులై నుంచి పెరిగిన మాట నిజమే. కానీ దానికి ఆధార్ కావాలి, ఉన్న ఊరు పేరు కావాలి. ప్లాట్‌ఫాం మీద పడుకునే అవ్వకు అవి ఎక్కడివి? 2025 జనవరి నుంచి ఇండోర్‌లో భిక్ష వేసినవారి మీద కూడా కేసు పెడతామన్నారు. పేదరికమే మనుషుల్ని వీధిలోకి నెడుతుందనీ, యాచకుల విషయంలో సంపన్నుల చూపు పనికిరాదనీ సుప్రీంకోర్టు 2021 జులైలోనే అన్నా, పాలకులకు ఈ దారే దగ్గరదారిగా తోస్తోంది. ఆ అవ్వను వార్డు సచివాలయానికి తీసుకెళ్లి కాగితాలు రాయించడం, వృద్ధుల సహాయానికున్న 14567 నంబరుకు ఫోన్ చేయడం పది రూపాయలకంటే పెద్ద పని. అది ప్రతివారికీ రోజూ కుదరదు. కుదరనిరోజు కోసం మన ఇళ్లలో ఒక మాట ఉండేది: ‘చెయ్యి ఖాళీ లేదవ్వా, మళ్లీ రా.’ అబద్ధమే కావచ్చు, అయినా ఆ అబద్ధంలో ఎదుటి మనిషి ముఖం చూసి, వరస పెట్టి పిలిచిన మర్యాద ఉంది. ఫోన్‌లోంచి తల ఎత్తకుండా చెయ్యి విదిలించడం నిన్నమొన్న మొదలైన అలవాటు.

కళాకారుల విషయంలో మాత్రం ఊళ్లు చేయగల పని ఒకటి చట్టంలోనే ఉంది. 2014 నాటి వీధి విక్రేతల చట్టం సరుకులు అమ్మేవారినే కాదు, వీధిలో జనానికి సేవలందించేవారిని కూడా విక్రేతలంటుంది. చెప్పులు కుట్టేవారికి దొరికే గుర్తింపు సన్నాయి ఊదేవారికి ఎందుకు దొరకకూడదు? లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో 2003 నుంచి పాటగాళ్లకు అనుమతి పత్రాలూ, నేల మీద గుర్తుపెట్టిన చోట్లూ ఉన్నాయి. చోటూ వేళా నిర్ణయిస్తే, రద్దీలో రభస అన్న ఫిర్యాదు కూడా చాలావరకు తీరుతుంది. హిందూపురం స్టేషన్ బయట, ధర్మవరం చీరల అంగళ్ల వీధిలో, పెనుకొండలో ఉరుసు రోజుల్లో అలాంటి చోట్లు చూపించడానికి కొత్త నిధులేమీ అక్కర్లేదు. క్యూఆర్ కోడ్ వెనక బ్యాంకు ఖాతా ఉంది, ఖాతాకు ఒక పేరుంది. బ్యాంకు రాసుకున్న ఆ పేరును వీధి విక్రేతల చట్టం కింద ఉండే పట్టణ విక్రయ కమిటీ జాబితాలో రాసుకోవడానికి అడ్డేమిటో ఈ మూడు ఊళ్ల పాలకులే చెప్పాలి.