గురువుతో విభేదించిన శిష్యురాలు

గురువు సిద్ధాంతంలో ఏదో వెలితి కనిపించినప్పుడు శిష్యులు ఏం చేయాలి? మౌనం వహించాలా? గురువుతో తెగదెంపులు చేసుకోవాలా? జపాన్ శాస్త్రవేత్త తొమోకో ఓతా ఈ రెండూ చేయలేదు.

1933లో జన్మించిన ఓతా, 1956లో టోక్యో విశ్వవిద్యాలయం నుండి వ్యవసాయశాస్త్ర పట్టా పొందారు. తొలుత గోధుమ, చక్కెర దుంపల క్రోమోజోములపై పనిచేశారు. 1962లో అమెరికా వెళ్ళి, నార్త్ కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జనాభా జన్యుశాస్త్రంలో డాక్టరేట్ సాధించారు. జీవుల సమూహంలో జన్యు మార్పులు తరతరాలుగా ఎలా వ్యాపిస్తాయో, ఎలా అంతరిస్తాయో గణితం సాయంతో తెలిపే శాస్త్రమిది. స్వదేశానికి తిరిగివచ్చి, మిషిమాలోని జాతీయ జన్యుశాస్త్ర సంస్థలో మోతూ కిమురా బృందంలో చేరారు.

1968లో కిమురా ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. అణుస్థాయిలో స్థిరపడే మార్పులలో అత్యధికం జీవికి మేలూ చేయవు, కీడూ చేయవు. యాదృచ్ఛికంగా నిలిచిపోతాయి అన్నది దాని సారాంశం. ఓతాకు ఇక్కడే సందేహం కలిగింది. చాలా స్వల్పంగా కీడు చేసే మార్పుల సంగతేమిటి?

నాణేన్ని పదిసార్లు ఎగరవేస్తే ఏడుసార్లు బొమ్మ పడవచ్చు. పదివేలసార్లు ఎగరవేస్తే ఏడువేలసార్లు బొమ్మ పడదు. సంఖ్య తక్కువైనచోట యాదృచ్ఛికతదే పైచేయి. అలాగే చిన్న సమూహాలలో స్వల్ప హానికర మార్పులు సైతం నిలదొక్కుకోగలవు. పెద్ద సమూహాలలో ప్రకృతి వరణం వాటిని ఏరివేస్తుంది. ఈ భావననే ఓతా 1973లో ‘నేచర్’ పత్రికలో తన ఒక్కరి పేరుతో ప్రచురించారు.

కిమురా ఈ సవరణను పూర్తిగా ఆమోదించలేదు. అయినా ఓతా ఆ సంస్థలోనే కొనసాగుతూ, ఏళ్ళ తరబడి తన లెక్కలకు మెరుగులు దిద్దారు. కాలక్రమంలో వివిధ జీవుల డీఎన్‌ఏ సమాచారం విస్తారంగా లభించాక, ఆమె వాదనకు బలం చేకూరింది. సంఖ్య తగ్గిపోయిన వన్యప్రాణులలో హానికర మార్పులు ఎందుకు పేరుకుపోతాయో వివరించడానికి నేడు ఈ ఆలోచన అక్కరకు వస్తోంది.

జపాన్ మహిళా శాస్త్రవేత్తలకిచ్చే సరుహాషి పురస్కారాన్ని 1981లో తొలిసారిగా అందుకున్నది ఆమే. స్వీడన్ ప్రదానం చేసే క్రాఫోర్డ్ పురస్కారం 2015లో, ఆమెకు 81 ఏళ్ళు నిండాక లభించింది. 1973 నాటి వ్యాసానికీ ఈ గౌరవానికీ మధ్య 42 ఏళ్ళు గడిచాయి.

మన ఇళ్ళలో ఆడపిల్ల పెద్దల మాటను ప్రశ్నిస్తే వెంటనే గద్దిస్తాం. ఈసారి గద్దించే ముందు, “నీ మాటకు ఆధారమేమిటమ్మా?” అని ఒక్కసారి అడిగి చూద్దాం.