కుట్టిన చేతికి పేరు లేదా?

కవచం చేసుకుంటే చరిత్ర, కానుక కుడితే కాలక్షేపం. మధ్యయుగాలను మళ్ళీ జీవించి చూద్దామనే పాశ్చాత్య వ్యాపకంలో పనుల విలువ ఈ తూకంతోనే తేలుతోంది. ఆ తూకం దొంగ తూకమని చెప్పడానికే ఈ వ్యాసం.

1966 మే నెలలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, తరువాత నవలా రచయిత్రిగా పేరు పొందిన డయానా పాక్సన్ ఇంటి పెరట్లో జరిగిన ఒక సరదా పోటీతో ‘సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం’ పుట్టింది. ఇప్పుడది అనేక దేశాల్లో ‘రాజ్యాలు’గా విస్తరించింది. బెత్తపు కత్తుల పోటీలో గెలిచినవాళ్ళు, తమ జతగా ఎంచుకున్నవాళ్ళతో కలిసి కొన్ని నెలలు గద్దె మీద కూర్చుంటారు. స్త్రీలూ పోటీ చేయవచ్చు, గెలిచినవాళ్ళూ ఉన్నారు. సూదిపని వంటి కళలకు ‘లారెల్’ అనే బిరుదు ఉంది. కాగితం మీద అది యోధులకిచ్చే గౌరవంతో సమానం. గద్దెకు దారి మాత్రం కత్తి ఒక్కటే.

ఆ గద్దె మీదున్నవాళ్ళు అతిథులకూ, కష్టపడిన సభ్యులకూ కానుకలు పంచాలి. ఆ పంపకాన్ని ‘లార్జెస్’ అంటారు, అంటే రాజుగారి ఉదారత. నారబట్ట మీద పట్టుదారంతో కుట్టిన సంచులు, సూదులు దాచుకునే చిన్న డబ్బాలు, నేసిన పట్టీలు, పూసల దండలు - ఇవన్నీ సభ్యులు తమ డబ్బు పెట్టి, తమ నిద్ర మానుకుని చేసి ఇచ్చినవే. సూది పట్టినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళేనని వేరే చెప్పాలా? బుట్ట వాళ్ళ చేతుల్లో నిండుతుంది, గద్దె చేతుల మీదుగా ఖాళీ అవుతుంది. సూది గుచ్చుకున్న వేలు ఎవరిదో పుచ్చుకున్నవాళ్ళకు తెలియదు. కొందరు చేసినవారి పేరుతో చీటీ కడతారు. కట్టకపోతే అడిగేవాళ్ళు లేరు.

దీనికొక సమర్థన వినిపిస్తూ ఉంటుంది: ‘మధ్యయుగాల్లో కళాకారులు అనామకులే కదా, మనమూ అలాగే ఉందాం.’ చరిత్ర పేరుతో చెప్పే ఈ మాట చరిత్ర ముందే నిలవదు. 13వ శతాబ్దంలో ఇంగ్లండు రాజు మూడవ హెన్రీ కోసం కుట్టిన బరీ సెయింట్ ఎడ్మండ్స్ మేబెల్ పేరు రాజుగారి లెక్కల్లోనే ఉంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న ఒక పూజావేదిక వస్త్రం మీద, దాన్ని చేసింది తానేనని జోహన్నా బెవర్లీ అనే సన్యాసిని లాటిన్‌లో రాసుకుంది. పేర్లు అప్పుడే ఉన్నాయి. వాటిని చదవాలన్న ఆసక్తే తరువాతి కాలానికి లేకపోయింది.

బేయూ టాపెస్ట్రీ సంగతే చూడండి. సుమారు 70 మీటర్ల పొడవున్న ఆ 11వ శతాబ్దపు నారవస్త్రం నిజానికి నేసిన టాపెస్ట్రీ కానే కాదు, ఉన్నిదారంతో కుట్టిన ఎంబ్రాయిడరీ. పేరులోనే సూది మాయమైంది. 1885-86లో ఇంగ్లండులోని లీక్ పట్టణంలో ఎలిజబెత్ వార్డిల్ నాయకత్వంలో ముప్పై మందికి పైగా స్త్రీలు దాన్ని పూర్తి నిడివిలో మళ్ళీ కుట్టారు. తాము కుట్టిన భాగం కింద తమ పేరు కూడా కుట్టుకున్నారు. రెడింగ్ మ్యూజియంలో ఆ పేర్లు ఇవాళ్టికీ చదవవచ్చు. మూలంలో నగ్నంగా ఉన్న ఒక మగబొమ్మకు ఆ ప్రతిలో చిన్న లాగు ఉంటుంది. విక్టోరియా కాలపు ఆడవాళ్ళ సిగ్గు అంటూ దాన్ని చూసి నవ్వినవాళ్ళున్నారు. ఆ లాగు తొడిగింది వాళ్ళకు నమూనా ఇచ్చిన సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం మగ సిబ్బంది. పనికి పేరు పెట్టడానికి వెనకాడే లోకం నిందకు మాత్రం ఆడవాళ్ళ చిరునామా వెంటనే వెతికి పట్టుకుంటుంది.

ఇక మన వైపు నుంచి వచ్చే ఎత్తిపొడుపు. ‘ఉత్తుత్తి రాజుకు రుమాళ్ళు కుట్టే ఆడవాళ్ళతో స్త్రీవాదానికేం పని?’ అని ఒక సదస్సులో నన్నడిగారు. ఎంబ్రాయిడరీ ఆడపిల్లను అణకువలో పెట్టే పాఠమూ అయిందని, ఆ అణకువను ఎదిరించే సాధనమూ అయిందని రోజికా పార్కర్ 1984లోనే ‘ద సబ్‌వర్సివ్ స్టిచ్’లో చూపించింది. మధ్యయుగపు ఇంగ్లండు కుట్టుపనిలో బంగారు దారాన్ని బట్ట పైన పరిచి, వెనక నుంచి నారదారంతో చుక్క చుక్కగా లోపలికి లాగేవారు. అందుకే అంత బంగారం మోసినా ఆ బట్ట బిరుసెక్కదు, ఒంటి మీద ఒదిగి ఉంటుంది. ఈ సంగతి పుస్తకంలో దొరుకుతుంది. ఎంత బిగువుగా లాగాలో మాత్రం చెయ్యే చెప్పాలి. బట్ట వెనకవైపు ఎలా ఉందో వెతికి చూసి, నాలుగుసార్లు విప్పి, అయిదోసారి సరిగ్గా కుట్టే మనిషిని పరిశోధకురాలు అనక మరేమనాలి?

మనకిది కొత్త కథ కాదు. నరసాపురంలో లేసు అల్లే స్త్రీల గురించి మరియా మీస్ 1982లో పుస్తకం ప్రచురించింది. ప్రపంచ మార్కెట్ కోసం అల్లుతున్నవాళ్ళను గృహిణులని, వాళ్ళ పనిని తీరికవేళ పని అని అనడం వల్లే అంత తక్కువ కూలితో సాగిపోయిందని నిరూపించింది. అక్కడ ఉన్నది తిండి ప్రశ్న, ఇక్కడ ఉన్నది ఇష్టం ప్రశ్న. ఆ తేడాను చెరిపేస్తే నరసాపురం స్త్రీలకు అన్యాయం చేసినట్టే. కానీ ‘తీరిక’ అన్న మాట రెండు చోట్లా శ్రమను మరుగుపరిచే పనే చేస్తోంది.

ఇవ్వడం మానెయ్యమని నేననడం లేదు. గంటకింత అని లెక్క కట్టమనీ అనడం లేదు. స్నేహితురాలికి కుట్టి ఇచ్చే సంచిలో బజారుకు అందని స్వేచ్ఛ ఉంది. దాన్ని పోగొట్టుకోనక్కర్లేదు. అయితే ఆ కానుక గద్దె మీదుగా వెళ్ళినప్పుడల్లా చేసినవారి పేరు కూడా వెంట వెళ్ళాలి. చీటీ కట్టడం ఎవరి మంచితనానికో వదలకుండా నియమం చెయ్యాలి. కొలువులో కానుక చేతులు మారేటప్పుడు ఆ పేరు పైకి చదవాలి. విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనం మధ్యయుగ వస్త్రాల మీద రాసేటప్పుడు, వీళ్ళ ప్రయోగాలను వీళ్ళ పేర్లతోనే ఉదహరించాలి. మూడవ హెన్రీ కొలువులో లెక్కలు రాసే గుమాస్తాకే మేబెల్ పేరు రాయడానికి చెయ్యి వచ్చింది. మనకేం అడ్డమొచ్చింది?