మనకెందుకులే అనుకుంటే నలభై వేలు!

"లాప్‌టాప్ పాతదమ్మా, ఇక కొత్తది కొనుక్కోవాల్సిందే. సార్ వచ్చాక మాట్లాడతాలెండి."

నెట్ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు నాతో అన్న మాటలివి. కొత్తదంటే ఓ నలభై వేలు. ఆ మాట వినడానికి కూడా నేను పనికిరానన్నమాట! పైగా మా అమ్మాయి కూడా, "నీకు తెలియదులే అమ్మా, నాన్నని రానీ" అంది.

ఇంతకీ జరిగిందేమిటంటే, మా ఇంట్లో కొత్త రౌటర్ పెట్టించాం. ఫోన్లలో వైఫై పేర్లు రెండు కనిపిస్తున్నాయి. ఒకటి మామూలుది, రెండోదాని చివర 5జీ అని ఉంది. అమ్మాయి ఇంటర్ పాఠాలు వినే లాప్‌టాప్‌లో మాత్రం మొదటిదొక్కటే కనిపిస్తోంది. దాంట్లో పాఠం నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. నేను మైక్రోవేవ్ ఓవెన్ వేశానంటే మరీను!

ఆ రాత్రి పనులన్నీ అయ్యాక లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాను. తెలిసిందేమిటంటే, మామూలు వైఫై 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తుంది. ఓవెన్ పనిచేసేదీ దాదాపు ఆ తరంగాలతోనే. బ్లూటూత్, ఇరుగుపొరుగు రౌటర్లు అన్నీ ఆ దారినే. సంక్రాంతి ముందు బస్టాండులా ఉంటుంది! రెండోది 5 గిగాహెర్ట్జ్. రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. కాకపోతే గోడలు అడ్డమొస్తే త్వరగా బలహీనపడుతుంది. దాని పేరులో ఉన్న 5జీకీ, సెల్‌ఫోన్ కంపెనీల 5జీకీ సంబంధం లేదు.

ఫోన్లకి కనిపిస్తోందంటే రౌటర్ బాగానే ఉన్నట్టు. ఇక లాప్‌టాప్ సంగతి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ అన్నచోట వైఫై కార్డు పేరుంటుంది. ఆ పేరు పెట్టి నెట్‌లో వెతికితే దాని జాతకమంతా వచ్చేస్తుంది. అందులో డ్యూయల్ బ్యాండ్ అనో, ఏసీ, ఏఎక్స్ అనో ఉంటే 5 గిగాహెర్ట్జ్ అందుకోగలదు. అయినా కనిపించకపోతే డ్రైవర్ కొత్తది వేసుకోవాలి, అడ్వాన్స్‌డ్ అన్నచోట బ్యాండ్ ఎంపిక సరిచూసుకోవాలి. మాదాంట్లో బీ, జీ, ఎన్ మాత్రమే, అదీ 2.4లోనే. మీడియం వేవ్ ఒక్కటే ఉన్న రేడియోలో ఎంత తిప్పినా ఎఫ్.ఎం. వస్తుందా? ఇదీ అంతే.

అంటే పాతబడింది లోపలి చిన్న కార్డేగానీ లాప్‌టాప్ కాదు! యూఎస్‌బీకి తగిలించే డ్యూయల్ బ్యాండ్ వైఫై అడాప్టర్ బొటనవేలంత ఉంటుంది. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికింది. తగిలించి, దాని డ్రైవర్ వేయగానే రెండో పేరు కనిపించింది. పాఠం ఆగడం లేదు, నా ఓవెనూ ఆగడం లేదు.

ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను. మావారొచ్చాక అదే మాట చెబితే ఆయనా సరేననేవారేమో. నా బాధల్లా మన గురించే. చీర కొంటే అంచు తిరగేసి చూస్తాం. చింతపండు కొంటే గింజ ఉందేమోనని నలిపి చూస్తాం. గ్యాస్ బండ వస్తే బరువు తూయమంటాం. వైర్లున్న వస్తువు కనిపిస్తే మాత్రం డిగ్రీలు చదివిన మనం కూడా "ఆయన్ని అడగండి" అని పక్కకి తప్పుకుంటాం. మనకి తెలివి లేక కాదు. తెలుసుకునే పని మనది కాదని చిన్నప్పటినుంచీ నమ్మేశాం, అంతే. ఇప్పుడు ఆ నమ్మకాన్నే మన ఆడపిల్లలకీ అప్పగిస్తున్నాం. డబ్బు పోవడం కంటే ఇదే పెద్ద నష్టం.

అందరం ఇంజనీర్లం కానక్కర్లేదు. "మార్చేయాలి" అని ఎవరైనా అన్నప్పుడు "ఏ భాగం? ఎందుకు? అదొక్కటే మార్చితే చాలదా?" అని అడిగితే చాలు. మిక్సీకైనా, ఫ్రిజ్‌కైనా, లాప్‌టాప్‌కైనా ఇవే ప్రశ్నలు. జవాబు చెప్పలేని మనిషి చేతిలో డబ్బు పెట్టేముందు ఒక్క రాత్రి ఆగండి.

మొన్న ప్రింటర్ మొరాయిస్తే మా అమ్మాయి, "అమ్మా, ఒకసారి ఇలా రా" అని కేకేసింది. ప్రింటర్ గురించి నాకేమీ తెలియదు. అయినా వెళ్ళి దాని పక్కనే కూర్చున్నాను.