పాత సివిక్ కొనేముందు
డాలస్‌కో హ్యూస్టన్‌కో చదువుకి వెళ్లిన మనవాళ్లలో చాలామంది మొదట చూసేది పాత హోండానే. ఏసీ చూస్తారు, ఎన్ని మైళ్లు తిరిగిందో అడుగుతారు, సన్‌రూఫ్ ఉంటే ఇక బేరమే ఆడరు! లోపమున్న కార్లను కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేసే రీకాల్ ఊసెత్తేవాళ్లే తక్కువ. 2001, 2002 సివిక్, అకార్డ్‌ల స్టీరింగులో వచ్చింది టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగ్. అందులోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి ఎండకీ ఉక్కకీ పాడైపోతుంది. కారు దేనికైనా గుద్దుకుంటే బ్యాగును ఉబ్బించే ఇన్‌ఫ్లేటరు పగిలి ఇనుప ముక్కలు డ్రైవరు మెడకు తగలొచ్చు. అలా పగిలే అవకాశం కొన్ని కార్లలో 50 శాతం దాకా ఉందని 2016లో అమెరికా రహదారి భద్రతా సంస్థే చెప్పింది. రీకాల్ కింద మరమ్మతు ఉచితం. నా కోపమంతా చట్టం మీద: రీకాల్ పని పూర్తికాని కారును పెద్ద అద్దె కంపెనీలు ఇవ్వకూడదట, పాత కార్ల డీలరు అమ్ముకుంటే మాత్రం ఫెడరల్ చట్టం అడ్డుచెప్పదట. ఇదెక్కడి న్యాయం? ముందద్దం కింద, డ్రైవరు వైపు మూలన కారు గుర్తింపు సంఖ్య, అంటే అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉండే విన్ నంబరు, కనిపిస్తుంది. దాన్ని ఆ రహదారి భద్రతా సంస్థ సైటులో కొట్టి రీకాల్ ఉందేమో చూడండి, అదే మోడల్ ఓనర్ల ఫిర్యాదులూ చదవండి. ఒకరి చిరాకును వదిలేయొచ్చు; పదిమంది ఒకే బ్రేకు గురించి మొత్తుకుంటే ఆ కారు జోలికి పోకండి.