నూరు ప్రతులు చాలు



తాము వ్రాసినది పుస్తకరూపంలో చూచుకోవాలన్న కోరిక రచయితలకు సహజం. కాని మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలలో పుస్తకం అచ్చు అనగానే 1000 ప్రతులు, విజయవాడ ప్రయాణం, అప్పు గుర్తుకు వస్తాయి. సీసపు అక్షరాలు కూర్చిన రోజులలో ఆ సంఖ్యకు అర్థమున్నది. ఎన్ని ప్రతులకైనా కూర్పు శ్రమ ఒక్కటే గనుక, ప్రతులు పెరిగిన కొలది ఒక్కొక్కదాని ఖర్చు తగ్గేది. నేటి డిజిటల్ ముద్రణలో ఆ నిర్బంధం లేదు. 50 ప్రతులైనా, 100 ప్రతులైనా వేయించుకోవచ్చు. అమ్ముడుపోని కట్టలు అటకపై చెదల పాలగుట కంటె ఇది మేలు కాదా?

అట్లు మిగిలిన సొమ్మును రంగుల అట్టకు, ఆవిష్కరణ సభకు కాక, కుట్టుకు వెచ్చించాలని మా అభిప్రాయం. 16 పుటల ఫారాలను మడిచి, మడత నడుమ దారంతో కుట్టిన పుస్తకం చక్కగా విచ్చుకుంటుంది, తరాలపాటు నిలుస్తుంది. వెన్నుకు జిగురు మాత్రమే పూసినది చౌకే గాని, నాలుగు చేతులు మారేసరికి ఆకులు రాలుస్తుంది.

ఉర్దూ పుస్తకానికి వెన్ను కుడివైపున ఉండాలి. ఫారంలో పుటల వరుస కూడ అందుకు తగినట్లు మారాలి. ఒకసారి మేము ఈ మాట ముందుగా చెప్పక, ఎడమవైపు కుట్టిన ఉర్దూ ప్రతులను చేతబట్టి తెల్లబోయాము. నమూనా ప్రతి అడగకపోవడం మా తప్పే. రెండు భాషలూ ఒకే సంపుటిలో ఉంటే తెలుగు ఎడమనుండి, ఉర్దూ కుడినుండి ఆరంభమై నడుమ కలుసుకుంటాయి. అప్పుడు ఏ భాషకూ వెనుక అట్ట ఉండదు!

సయ్యద్ నసీర్ అహమ్మద్ గారు ‘అక్షర శిల్పులు’ గ్రంథంలో తెలుగు ముస్లిం కవుల, రచయితల వివరాలను సమకూర్చారు. అట్టి కృషికి ఆధారం నిలిచిన ప్రతులే. మన ఇండ్ల ట్రంకు పెట్టెలలో పెద్దల నోటు పుస్తకాలు ఎన్ని శిథిలమగుచున్నవో! 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త ప్రతి పుస్తకాన్ని 30 రోజులలోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని నిర్దేశిత గ్రంథాలయాలకు పంపాలి. 100 ప్రతులలో నాలుగు అక్కడికి చేరితే, ఆ పేరు మన ఊరితోనే అంతరించిపోదు.

కళాశాల సంఘం వారు ఏటా ఒక చిన్న పుస్తకాన్ని, విద్యార్థిదైనా సరే, పెద్దలదైనా సరే, ఈ రీతిని కుట్టించి వెలువరించాలని సవినయంగా మనవి చేస్తున్నాము. దండల ఖర్చు కొంత తగ్గినా దారానికి సరిపోతుంది.