‘ఉడుకు చేసింది’ అని వదిలేయకండి

ఒంటిమిట్ట రాములవారి కల్యాణం పండువెన్నెల్లో జరుగుతుంది గానీ, ఆ రోజుల్లో పగటి ఎండ సంగతి మనకు తెలిసిందే. ఆ ఎండల్లో ఆడపిల్ల ‘ఒంటికి పోతే మంటగా ఉందమ్మా’ అంటే, ఇంట్లో వచ్చే మొదటి మాట: ‘ఉడుకు చేసింటుంది, సబ్జా నీళ్లు తాగు.’ సబ్జా, బార్లీ, మజ్జిగ మంచివే. నీళ్లు తక్కువై మూత్రం చిక్కబడితే వచ్చే మంట వాటితో తగ్గవచ్చు. కానీ మూత్రాశయంలో బ్యాక్టీరియా చేరితే మజ్జిగతో పోదు.

మంటతో పాటు మాటిమాటికీ వెళ్లాలనిపించడం, వెళితే నాలుగు చుక్కలే రావడం, పొత్తికడుపు నొప్పి, మూత్రం మడ్డిగా ఉండటం, ఒక్కోసారి రక్తం కనబడటం. ఇవి ఉంటే డాక్టరుకు చూపించాలి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు తోడైతే కిడ్నీ దాకా పాకిందేమోనని అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మరునాడు పరీక్ష ఉన్నా సరే.

కొత్తగా పెళ్లయినవాళ్లలో ఎక్కువని ఎక్కడో విని, పెళ్లికాని పిల్లకు వస్తే గుసగుసలాడే పెద్దలున్నారు. పసిపిల్లలకూ వచ్చే జబ్బు ఇది. ఆడవాళ్ల మూత్రనాళం పొడవు దాదాపు 4 సెంటీమీటర్లే. మన పేగుల్లోనే ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఆ కాస్త దూరం సులువుగా దాటుతుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

మెడికల్ షాపులో అడిగి రెండు మాత్రలు వేయించడం నాకు అన్నిటికంటే భయం. మంట తగ్గగానే మానేస్తారు. సగం చచ్చిన బ్యాక్టీరియా మళ్లీ లేస్తే ఆ మందుకు లొంగకపోవచ్చు. మొదటి మాత్రకు ముందే, తొలి ధార వదిలి మధ్య ధార పట్టి యూరిన్ పరీక్షకు ఇవ్వండి. కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా డాక్టరు మందు మొదలుపెట్టవచ్చు, రిపోర్టు చూసి మార్చనూ వచ్చు. చెప్పినన్ని రోజులూ వాడాలి. మళ్లీ మళ్లీ వస్తుంటే మలబద్ధకం ఉందేమో కూడా అడగండి. చాలామంది ఆ మాటే ఎత్తరు.

ఇక బడి సంగతి. టాయిలెట్ సీటు నుంచి ఈ జబ్బు అంటుకోదు. మురికి టాయిలెట్ చేసే కీడు వేరే దారిలో వస్తుంది. అక్కడికి వెళ్లాల్సి వస్తుందని పిల్ల పొద్దుటి నుంచి నీళ్లే తాగదు, సాయంత్రం దాకా ఓర్చుకుంటుంది. 2019లో కేరళ బడుల్లో నీళ్లు తాగేందుకు వాటర్ బెల్ మొదలైంది, తర్వాత మన రాష్ట్రంలోనూ ఎండాకాలంలో మోగించారు. నీళ్లకు గంట కొట్టి, బయటికి పోవడానికి మాత్రం ఇంటర్వెల్ దాకా ఆగమంటే ఏం లాభం? క్లాసు మధ్యలో ఆడపిల్ల లేస్తే కారణం అడగకూడదనేది నా అభిప్రాయం. ఎగ్గొట్టే పిల్లలు ఒకరిద్దరు ఉంటారు, ఉండనీండి.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మార్కులు చూశాక, అమ్మలు ఒకసారి ఆడపిల్లల టాయిలెట్ కూడా చూసి రండి. గడియ పడుతుందా, కొళాయిలో నీళ్లొస్తున్నాయా, ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న డబ్బా ఉందా? లేకపోతే ఆఫీసులో రాసి ఇవ్వండి. సాయంత్రం బ్యాగులో వాటర్ బాటిల్ నిండుగానే తిరిగొస్తే, తిట్టకుండా ఎందుకో అడగండి.